కాళ్ల కింద గాలి

రాజుగారి కారు పక్కన నిలబడితే సముద్రం వాసన వస్తుందట.

పక్కింటి అచ్చాయమ్మ అందట. చేపలు అమ్మే ఆవిడతో అంటే, ఆవిడ నాలుగిళ్లు తిరిగి మాణిక్యాంబ చెవిన వేసింది — "గణేష్‌బాబు కొన్నది కారా, రొయ్యల బుట్టా అంటుందమ్మా!"

మాణిక్యాంబ నవ్వి ఊరుకుంది.

నవ్వడానికి కూడా ఓపిక తక్కువ ఆమెకు. వారానికి మూడుసార్లు భీమవరం వెళ్లి డయాలసిస్ చేయించుకునే మనిషి. తిరిగొచ్చేటప్పుడు ఆటో కుదుపులకు కొడుకు భుజం మీద వాలిపోయేది. అది చూడలేకే కొడుకు గణేష్‌బాబు ఈ కారు కొన్నాడు. రామరాజుగారి కారు. ఆయన రొయ్యల చెరువుల మీదే గణేష్‌బాబు పదేళ్లు పనిచేశాడు. తాళం చెవితో పాటు, బండికి ఢోకా లేదన్న ఆయన మాటనూ జేబులో వేసుకుని వచ్చాడు.

నిన్న కాలవగట్టు మీద వస్తుంటే వెనక నుంచి ఆమె అంది —

"ఒరే అబ్బాయ్, కాళ్లకి గాలి తగుల్తోందిరా."

"అద్దం దించుకున్నావేమోనే."

"అద్దం గాలి మొహానికి కదా తగిలేది. ఇది కింద నుంచి."

కింద నుంచి...

ఈ పొద్దున వెనక తలుపు తీశాడు. ఆకాశమంతా మబ్బు. కొబ్బరాకు కదలడం లేదు. ఎక్కడా గాలి లేదు.

చెరువుల మీద నీళ్లు చిలికే ఏరేటర్లు బాగుచేసిన చేతులు అతనివి. ముందు మ్యాటు లేపాడు.

మ్యాటు కింద గోనెపట్టా.

పట్టా కింద నల్లరంగు. కొత్త రంగు. నిగనిగలాడుతూ.

నిగనిగలు చూస్తే భయం వేస్తుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

స్క్రూడ్రైవరుతో గీకాడు. రంగు కింద లప్పం — తలుపు చెక్కల్లో కన్నాలు పూడ్చే లప్పం. లప్పం కింద రేకు. వంటనూనె డబ్బాను చీల్చి పరిచిన రేకు. దాని మీద వేరుశనగకాయ బొమ్మ ఇంకా చెరగలేదు. రేకు కింద...

రేకు కింద ఉప్పు.

తెల్లగా. పొరలు పొరలుగా. ఎండగట్టిన చెరువు అడుగులా.

ఆ ఉప్పు అతనికి తెలుసు. వ్యాను రాని రోజుల్లో రొయ్యపిల్లల సంచులు ఈ కారులోనే వచ్చేవి. ఉప్పునీళ్ల సంచులు. కారేవి. తడిసిన చొక్కాతో దించింది అతనే. ఎండలో పెడితే ఆరిపోతుందిలే అనుకున్నారందరూ. నీరు ఆరింది. ఉప్పు ఉండిపోయింది. ఇనుమును తింటూ — నెమ్మదిగా — చప్పుడు లేకుండా.

బొటనవేలితో నొక్కాడు.

వేలు దిగిపోయింది.

కన్నంలోంచి గడ్డి కనబడింది. గడ్డి మీద ఒక చీమ, తన దారిన తాను పోతోంది.

సీటు బోల్టు లప్పంలో నిలబడి ఉంది. చుట్టూ ఇనుము లేదు.

అమ్మ కూర్చునే చోటు. ఎదురుగా లారీ వచ్చి, గట్టిగా ఒక్క బ్రేకు పడితే...

ఆ ఆలోచనను చివరిదాకా పోనివ్వలేకపోయాడు. రేపు మళ్లీ ఆసుపత్రి.

రేకు ముక్క పట్టుకుని నడిచాడు. గాలి లేదు. వీపంతా చెమట. రాజుగారి గుమ్మంలో పనికోసం నిలబడ్డాడు, జీతం కోసం నిలబడ్డాడు. నిలదీయడానికి ఎన్నడూ నిలబడలేదు.

అరుగు మీద పడక్కుర్చీలో రాజుగారు. పక్కన ఆయన భార్య బంగారమ్మగారు, చేతులకు నూనె రాసుకుని పనసతొనలు వలుస్తున్నారు.

"రావయ్యా గణేషూ! బండి ఎలా ఉంది, దొరలా నడుస్తోందా?"

"నడుస్తోందండి. లోపల కూర్చుంటే నేల కనబడుతోందండి."

రేకును అరుగు మీద పెట్టాడు. ఉప్పు పొడి రాలింది.

"పాత బండన్నాక కాస్త తుప్పు ఉండదేంటయ్యా! నా మోకాళ్లే తుప్పట్టిపోయాయి, ఇక బండెంత!"

రాజుగారు నవ్వారు. ఒక్కరే నవ్వారు.

"మా అమ్మ కూర్చునే చోటండి అది. డ్రైవరు వెనక. అక్కడ అడుగే లేదండి." రేకును ముందుకు జరిపాడు. "తెలిసే ఇచ్చారా అండి?"

రాజుగారి చూపు రేకు మీద పడి, జారి, వీధిలోకి పోయింది.

"నాకేం తెలుసయ్యా? టౌనులో మెకానిక్కుకి ఇచ్చాను. వాడేం పూశాడో, ఏం కప్పెట్టాడో... మావుళ్లమ్మ తల్లి మీద ఒట్టు. నాకు తెలీదు."

బంగారమ్మగారి చేతులు ఆగిపోయాయి. ఆవిడ గణేష్‌బాబు వైపు చూడలేదు. భర్త వంకే చూశారు.

"తెలీదా? మరి కిందటేడాది నుంచీ నన్ను ఆ డ్రైవరు వెనక సీట్లో కూర్చోనివ్వలేదెందుకండీ?"