కొమ్ములవాడికి బొట్టు

1969 జనవరి నెలాఖరున, భుజాలు దాటిన జుట్టుతో, చంకలో గ్రామఫోను ప్లేటుతో కూర్మనాథం శ్రీకూర్మంలో బస్సు దిగాడు. విశాఖపట్నం హార్బరులో గుమాస్తా. ఇంటి మొహం చూసి రెండేళ్లు. దీపావళికి తల్లి మరిడమ్మ జ్వరంతో మంచం పట్టినా రాలేదు పెద్దమనిషి! ఈ జుట్టు తండ్రికి చూపించే ధైర్యం లేకనే. ఇప్పుడిక తల్లిని చూడకుండా ఉండలేకపోయాడు.

తండ్రి సోములు పొద్దున గుళ్లో సన్నాయి ఊదుతాడు, ఆపైన మొక్కులవాళ్లకి గుండ్లు గీస్తాడు. ఏ సామికి, ఎవరి కోసం అని అడగందే కత్తి తెరవడు.

"ఏట్రా ఈ అవతారం?"

"మొక్కు," అనేశాడు కూర్మనాథం. నోటికి అదే వచ్చింది. "అమ్మకి తగ్గాలని సామికి మొక్కుకున్నాను."

మరిడమ్మ బావురుమంది. ప్లేటు అట్ట మీద కొమ్ములతో నిలబడ్డవాడు ఏ ఊరి దేవుడోనని వాడికీ ఇంత బొట్టు పెట్టింది. వాడు సైతానని ఆ ప్లేటు ఇచ్చిన ఓడ కళాసీ చెప్పాడు. కూర్మనాథానికి నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది.

శనివారం హార్బరు క్లబ్బులో అతని మొదటి కచేరీ. కరెంటు గిటారు. జుట్టు లేనివాడికి స్టేజీ లేదన్నాడు పాటల జట్టు నాయకుడు. ఆ గిటారు పెడబొబ్బ పెడితే ఒళ్లు జలదరించేది. చిన్నప్పుడు పల్లకీ ముందు నాన్న సన్నాయికీ అంతే. ఒకటి దేవుడిదీ ఒకటి సైతానుదీ అయితే తన ఒంటికి ఆ తేడా తెలియొద్దూ? ఎంత బుర్ర గోక్కున్నా తేలలేదు.

ఈలోగా సోములు పీట వేసి, కొడుకుని కూర్చోబెట్టి, నెత్తిన చెంబుడు నీళ్లు కుమ్మరించాడు. మరిడమ్మ తడిజుట్టు పాయలు తీస్తూ చెవిలో అంది.

"నాకు జబ్బు సేసింది మొన్న దీపాల పండక్కి. ఇది రెండేళ్ల జుట్టు. జడలేసిన సెయ్యిది, తెలీదేటిరా? లెగు."

కూర్మనాథం సిగ్గుతో చచ్చిపోయాడు. లేచాడు. ఆవిడ పీట మీద కూర్చుని ముడి విప్పుకుంది.

"మూడు కత్తెర్లు తియ్యి."

"నీకేటి మొక్కే?" సోములు తెల్లబోయాడు.

"నా కోసమని వాడు సామి పేరెత్తీసినాడు. ఉత్తుత్తి మాటైనా తీర్సాలి కదా. నా జుట్టే తియ్యి."

జ్వరానికి రాలిపోగా ఆవిడకు మిగిలిందే గుప్పెడు. కత్తెర మూడుసార్లు ఆడింది. నెరిసిన వెంట్రుకలు నాలుగు కూర్మనాథం పాదం మీద పడ్డాయి.

అతనింక ఆగలేకపోయాడు. తల్లి లేవగానే పీట మీద కూలబడి, "నాకూ గీసీ అయ్యా!" అన్నాడు.

"ఏ సామికి?"

కూర్మనాథం నోరు తెరిచాడు. కొమ్ములవాడి నుదుట కుంకం కనిపించింది. సన్నాయో గిటారో, చెవుల్లో హోరు.

"తెల్దయ్యా."

సోములు కత్తి మడిచేశాడు. "పేరు తెలీని సామికి నేను గుండు గియ్యను. తెలిసినాక రా."