మధ్యలో మిగిలిన బల్ల

వారం రోజులుగా మా అక్క కూతురు తమాకి ఇంట్లో బల్లలు మోస్తోంది. బడి నుంచి వచ్చి సంచీ దించగానే, తను చదువుకునే బల్ల మీద పీట బోర్లించి, రెండు చేతులా ఎత్తి, గోడ దాకా నడిచి దించుతుంది. మళ్ళీ ఎత్తి తెస్తుంది.

"ఏమిటే ఈ పని?" అని అడిగాను.

"ఒక్కదాన్నే మోయగలనో లేదో చూస్తున్నా పిన్నీ."

"బళ్ళో నీ బల్ల నువ్వే మోసుకోవాలా?"

"లేదు. గది ఊడ్చేటప్పుడు ఎవరికి దగ్గరున్నది వాళ్ళు మోస్తారు."

"మరి ఎందుకు?"

"ఊరికే."

పొయ్యి దగ్గర ముల్లంగి తరుగుతున్న మా అమ్మ తల ఎత్తకుండానే, "మోయనీవే. పెద్దయ్యాక సామాన్ల బండిలో పనికి పెడదాం," అంది. తమాకి నవ్వలేదు. పిల్లలకి ఒక్కోసారి ఒక్కో పిచ్చి పడుతుంది. నాకు ఆ వయసులో చూరుకి వేలాడే మంచు పుల్లలు విరిచి దాచే పిచ్చి ఉండేది. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

బడిలో తల్లిదండ్రులు పాఠం చూసే రోజు వచ్చింది. అక్కకి సోబా నూడుల్స్ ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. బడి లోపల వేసుకునే చెప్పులు గుడ్డసంచీలో పెట్టుకుని నేనే వెళ్ళాను. నేను చదువుకున్న బడే. చెక్క నేల మీద అదే మైనం వాసన. నాలుగో తరగతి గదిలో వెనక గోడకి ఆనుకుని తల్లులందరూ నిలబడ్డారు. నా పక్కన ఆపిల్ తోటల అసకురా గారు. ఆవిడ తరగతిలో అందరికంటే పొడుగైన రెయిజికి అమ్మ.

ఈ వసంతంలోనే వచ్చిన కువబారా టీచర్ నల్లబల్ల మీద గుండ్రటి అక్షరాలతో 'వద్దు అనే ధైర్యం' అని రాసింది.

"నలుగురూ చేస్తున్నారు కదా అని తప్పు పని చేయకుండా ఎలా నిలబడాలో మా పిల్లలు నెల నుంచి సాధన చేస్తున్నారు. ఒక చిన్న నాటకం వేస్తారు, చూడండి," అంది. ఆవిడ చెంపలు సంతోషంతో ఎర్రబడ్డాయి.

నల్లబల్ల ముందు ఒక కుర్చీ వేశారు. తమాకి వెళ్ళి అందులో కూర్చుంది. మిగతా పిల్లలందరూ ఒక పక్కన వరసగా నిలబడ్డారు.

"మా పిల్ల ఒక్కతీ అక్కడెందుకుంది?" అని మెల్లిగా అడిగాను.

అసకురా గారు నా చెవి దగ్గరకి వంగింది. "మీ తమాకి గొంతు అందరితో కలవడం లేదటండీ. వీళ్ళు 'చేయం' అన్నాక ఒక క్షణం ఆగి అంటుందట. మా వాడు ఇంట్లో ఒకటే గొణుగుడు, వరస పాడవుతోందని. అందుకని టీచర్ మాటల్లేని వేషం ఇచ్చారు. చూడండి, ఎంత బుద్ధిగా కూర్చుందో."

రెయిజి వరసలోంచి ముందుకొచ్చి తమాకి వైపు వేలు చూపించాడు.

"ఒరేయ్, రేపట్నుంచి ఈ పిల్లతో ఎవరూ మాట్లాడకండి. మాట్లాడారో, మీకూ అదే గతి. సరేనా?"

పాఠం అప్పజెప్పినట్టు లేదు. బాగా చెప్పాడే అనుకున్నాను.

వరసంతా ఒకే గొంతుతో, "మేం చేయం. అందరూ చేసినా మేం చేయం," అని ఒకేసారి తలలు వంచి నమస్కరించింది. ఒక్క అక్షరం ముందూ వెనకా కాలేదు. తల్లులు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

"చేస్తున్నారు," అంది తమాకి.

కుర్చీలోంచి లేవలేదు. గొంతు పెంచలేదు. చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

టీచర్ ముఖంలో నవ్వు ఇంకా అలాగే ఉంది. "తమాకీ, ఇక్కడ నీకు మాటల్లేవు కదమ్మా."

"తెలుసు టీచర్. కానీ చేస్తున్నారు. నాటకంలో కాదు."

అసకురా గారి రెండు చేతులూ కలవకుండా గాలిలోనే ఉండిపోయాయి. ముందు నిలబడ్డ ఒకావిడ ఫోన్ ఇంకా వీడియో తీస్తూనే ఉంది, ఆపాలని ఆవిడకి తోచలేదు. రెయిజి అబద్ధమంటాడేమోనని చూశాను. అనలేదు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఆదివారమైతే మా ఇంటికొచ్చి కాల్చిన చిలగడదుంపలు తినే వకానా వరస చివర నిలబడి తన బూట్లకేసి చూస్తోంది. వకానా ఈ ఆదివారం రాలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఎవరైనా ఏదైనా అనేలోగా మైకులో, పిల్లలే గదులు ఊడ్చుకునే వేళకి వేసే పాట మొదలైంది. ఆ పాట వింటే మా ఊళ్ళో ముసలివాళ్ళ చేతులు కూడా చీపురు వెతుకుతాయి. పిల్లలు తలలకి రుమాళ్ళు కట్టుకున్నారు. కుర్చీలు బల్లల మీద బోర్లించారు. ఎవరికి అందిన బల్ల వాళ్ళు ఎత్తి, వెనక్కి చేర్చడం మొదలుపెట్టారు. మేం పక్కకి జరిగి దారిచ్చాం.

గదంతా ఖాళీ అయింది. ఒక్క బల్ల మాత్రం నడిమధ్యలో ఉండిపోయింది.

తమాకిది. వాళ్ళు కావాలని చేయలేదు. తల్లులు చూస్తున్నారే, ఈ పూటకైనా దాచుదాం అని కూడా తోచలేదు. రోజూ చేసినట్టే చేతులు చేసుకుపోయాయి. వెనక్కి తిరిగి ఆ బల్లని చూశాక, పిల్లల ముఖాలే తెల్లబోయాయి.

బల్ల దగ్గర్నుంచి వెనక గోడ దాకా చెక్క నేల మీద కొత్త గీతలున్నాయి. ఎత్తలేక ఈడ్చిన గీతలు. ఊడ్చే వేళ టీచర్ మెట్ల దగ్గర వేరే పిల్లలతో ఉంటుంది. ఆవిడ ఆ గీతల్ని ఇప్పుడే చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది అసకురా గారు, గాలి మాత్రమే బయటికొచ్చినట్టు.

"నాకు తెలీదండీ. ఇంట్లో బల్లలు మోస్తోంది," అన్నాను.

తమాకి తను కూర్చున్న కుర్చీ తెచ్చి బల్ల మీద బోర్లించింది. ఇంట్లో చేసినట్టే మోచేతులు వంచింది.

"ఆగు తమాకీ," అంది టీచర్. "రండి, అందరూ రండి. అందరూ కలిసి తమాకి బల్ల మొయ్యండి."

పిల్లలందరూ ఒక్కసారిగా ఉరికారు. ముందు రెయిజి. తమాకి బల్ల మీద అరచెయ్యి ఆనించింది.

"అందరూ వద్దు."

"టీచరే చెప్పారు కదా," అన్నాడు రెయిజి.

"అందుకే వద్దు. మొయ్యాలని ఉన్నవాళ్ళు ఒక్కరొస్తే చాలు."

పిల్లలు ఆగిపోయారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్రతివాళ్ళూ పక్కవాళ్ళు కదులుతారేమోనని చూస్తున్నారు.

"వెళ్ళరా," అంది అసకురా గారు పళ్ళ బిగువున.

"ఎవరూ చెప్పకండి," అంది టీచర్. నాటకం ముందు ఉన్న గొంతు కాదు అది. "దయచేసి ఎవరూ చెప్పకండి."

పాట అయిపోయింది. నేను వెళ్ళి ఎత్తితే బల్ల కదులుతుంది. కానీ తమాకి చూస్తున్నది నాకోసం కాదు. రేపు కూడా ఆ పాట వస్తుంది, అప్పుడు నేనుండను. పక్కనున్న కిటికీ చట్రాన్ని పట్టుకుని నిలబడ్డాను.

వకానా చేతిలో తడిగుడ్డని మెలిపెడుతోంది. నీళ్ళు నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. రెయిజి వైపు చూసింది. వాడు చూపు తిప్పుకున్నాడు. ఇంకోసారి చూడబోయి, చూడలేదు. గుడ్డ కింద పెట్టి నడిచొచ్చింది.

"నాకు భయంగా ఉంది," అంది.

"నాకూ," అంది తమాకి.

చెరోవైపు పట్టుకుని ఎత్తారు. అడుగులు కలవలేదు. బల్ల ఒక పక్కకి ఒరిగి, పైనున్న కుర్చీ గడగడలాడింది.

"ఆగు, ఆగు. నీది పైకెత్తు."

"ఎత్తుతున్నాలే. నువ్వే తొందరపడుతున్నావు."

వరస పాడైందని ఈసారి ఎవరూ అనలేదు. బల్ల కాళ్ళు నేలకి తగలకుండా ఆ గీతల మీదుగా వెనక గోడ దాకా వెళ్ళాయి. ఖాళీ అయిన నేల మీద రెయిజి ఒక్కడే గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కణ్ణుంచి తుడవాలో తెలియనట్టు.