పిడికెడు మక్కలు

మా జూ గేటుకు ఒక రేకు బోర్డు ఉండేది. "జంతువులకు ఏమీ పెట్టరాదు" అని మా ఆయన సవరయ్య నీలం పెయింటుతో స్వయంగా రాసిన బోర్డు. దాన్ని నేనే తీశాను. తీసి కోళ్లగూడు వెనక పెట్టాను. ఈ ఒక్క ముక్క ముందు చెప్పేస్తే మిగతాది తేలిగ్గా వస్తుందనుకున్నాను గానీ, రావడం లేదు.

జూ అంటే పెద్దగా ఊహించుకోకండి. పర్ణశాల రోడ్డులో మా రెండెకరాల మామిడితోట, దాని చుట్టూ కంచె. లోపల తొమ్మిది దుప్పులు, ఒక కన్ను పోయిన ఎలుగుబంటి, రెండు నెమళ్లు, కొన్ని తాబేళ్లు. లారీలు గుద్దినవి, ఉచ్చుల్లో కాళ్లు తెగినవి, తల్లులు చచ్చినవి. అటవీశాఖ వాళ్లు కాగితం రాసిచ్చి మరీ అప్పగించినవి. టికెట్ లేదు. బడిపిల్లలు వచ్చేవారు, గుడికి వెళ్లే యాత్రికులు ఆగేవారు. "బంగారు జింక ఏదమ్మా?" అని ప్రతివాడూ అదే జోకు, తనే కొత్తగా కనిపెట్టినట్టు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, వంద సార్లు విన్న జోకుకు కూడా నవ్వడం నాకు అలవాటే.

సవరయ్య పోయి ఏడాదిన్నర అయింది. ఆయన ఉన్నన్నాళ్లూ మండల పరిషత్తు వాళ్లు మేతకు ఎంతో కొంత ఇచ్చేవారు. ఈ వేసవిలో ఆపేశారు. నా పెన్షనుతో గడ్డి కొన్నాను. తోటలో ఉన్న సుబాబుల్ చెట్లన్నీ మోడులయ్యేదాకా కొమ్మలు నరికాను. అయినా దుప్పుల డొక్కలు బయటపడ్డాయి. అంతలో అటవీశాఖ నోటీసు వచ్చింది. నెలాఖరులోగా మేతకు స్థానిక సంస్థ పూచీ చూపించకపోతే జూ మూసేసి జంతువులన్నిటినీ తరలిస్తారట. దుప్పిని లారీ ఎక్కిస్తే దారిలోనే భయంతో గుండె ఆగి చస్తుందని సవరయ్య నాకెన్నిసార్లు చెప్పాడో. ఆ నోటీసు పట్టుకుని మండలాఫీసు మెట్ల మీద కూర్చుని, సిగ్గు లేకుండా ఏడ్చాను.

పంచాయతీ కార్యదర్శి ఉదయ్ భాస్కర్ మంచివాడే. లేపి, మంచినీళ్లు ఇచ్చాడు.

"మేడం, గ్రామసభ తీర్మానం ఒక్కటే సరిపోదు. ఎంపీడీవో సారు గురువారం వస్తుండు. జనానికి జూ కావాలని సారుకు కండ్లకు కనపడాలె. వంద మందన్న రావాలె" అన్నాడు.

వంద మంది! ఇల్లిల్లూ తిరిగాను. "మాకు మోరీ కట్టనీకి పైసల్లేవు గని, దుప్పులకు పంచాయతీ పైసలా?" అన్నారు. వాళ్లన్నదాంట్లో తప్పు లేదు, అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది. మూడు రోజులు చెప్పులరిగేలా తిరిగితే నలుగురు వస్తామన్నారు. అందులో ఒకాయన తాగి ఉన్నాడు.

అప్పుడు తట్టింది పిడికెడు బియ్యం సంగతి. మా చర్చి ఆడవాళ్లకు ఒక పద్ధతుంది. అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండ చర్చికి వస్తుంది. ఎంత లేని ఇంట్లోనైనా ఆ పిడికెడు ఆగదు. అదే ఊరంతటినీ అడుగుదామనుకున్నాను. "ఇంటికొక పిడికెడు. బియ్యమో, మక్కలో. గురువారం మీ చేత్తోనే తెచ్చియ్యుండ్రి" అన్నాను. పైసలంటే మొహం తిప్పుకున్నవాళ్లు పిడికెడు గింజలంటే కాదనలేకపోయారు.

చెప్పింది నేనే అయినా ఊరూరా మోసింది కమ్లి. కమ్లి తండా మనిషి. రెండేళ్ల కింద రోడ్డు మీద చచ్చిన తల్లి పక్కన నిలబడి ఉన్న దుప్పిపిల్లను కొంగులో చుట్టి మా దగ్గరికి తెచ్చింది. మోతీ అని పేరు పెట్టింది. మేకపాలు పట్టి పెంచింది మేమే అయినా, మోతీ చెవులు నిక్కబొడిచేది మాత్రం కమ్లి గొంతుకే. ప్రతి ఆదివారం కంచె దగ్గర కూర్చుని వాళ్ల భాషలో దానితో ముచ్చట్లు పెట్టేది.

"తండా మొత్తం వస్తది టీచరమ్మా. నా మోతీని లారీ ఎక్కనిస్తనా?" అంది.

అన్నట్టే వచ్చింది. వందమందిని అడిగితే మూడు వందల మంది వచ్చారు. గిన్నెలతో, సంచులతో, కొంగున మూటలతో, డప్పులతో. గేటు దగ్గర నిలబడి అందరికీ దండాలు పెట్టాను. నేను తిట్టుకున్నవాళ్లందరికీ మనసులో క్షమాపణ చెప్పుకున్నాను.

పేపరు విలేకరి కెమెరా సర్దుకుంటూ, "జనం చేత్తో తినిపిస్తుంటే ఫొటో బాగొస్తది మేడం. ఆ బోర్డే అడ్డమొస్తున్నది" అన్నాడు.

ఒక్క నిమిషం ఆగాను. సవరయ్య దుప్పులకు గింజలు పెట్టేవాడు, లేదనను. దానికొక చిన్న గ్లాసు, అదీ గడ్డి తిన్నాకనే. ఎందుకని నేనెన్నడూ అడగలేదు. పాపం, ఆకలితో ఉన్నాయి, ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను. బోర్డు తీశాను. అంతటితో ఆగినా బాగుండేది. మైకు అందుకుని, "అందరూ మీ చేతులతో తినిపించండి!" అని అరిచాను. ఎంపీడీవో గారు కూడా ఒక దోసెడు పెట్టారు. కమ్లి తన సంచి మొత్తం మోతీ ముందే ఖాళీ చేసింది. దుప్పులు తలెత్తకుండా తిన్నాయి. "ఇంతకంటే ఏం కావాలె, ఫైలు పంపిస్త" అని సారు అందరి ముందూ మాటిచ్చి వెళ్లారు.

శుక్రవారం పొద్దున ఒక్కటీ లేవలేదు. పొట్టలు ఉబ్బిపోయి, పళ్లు నూరుతూ పడి ఉన్నాయి. పశువుల దవాఖానా నుంచి వనజ డాక్టరు పరుగెత్తుకొచ్చింది.

"ఏం పెట్టిండ్రు?"

చెప్పాను. ఆమె నన్నొకసారి చూసి, సూదిమందు తీసింది.

"ఇది ఆకులు, గడ్డి అరిగే కడుపు టీచర్. అసలే ఎండిన కడుపుల గిన్ని గింజలు పడితే లోపల పులిసి విషమైతది. బోర్డు ఏమైంది?"

నా చూపు కోళ్లగూడు వైపు పోయింది. శనివారం సాయంత్రానికి ఆరు పోయాయి. నాలుగోది మోతీ. దాని తల నా ఒడిలోనే ఉంది. కళ్లు తెరిచే ఉంది గానీ నన్ను చూడటం లేదు, గేటు వైపు చూస్తోంది.

ఉదయ్ భాస్కర్ వచ్చి తల పట్టుకున్నాడు. "మేడం, జబ్బు చేసి పోయినయ్ అని రాద్దాం. గింజలు తినిపిస్తే చచ్చినయ్ అంటే సారు మెడకు కూడా చుట్టుకుంటది. ఫైలు ఆగిపోతది. ఇగ ఆ మూడు కూడా లారీ ఎక్కుతయ్" అన్నాడు. సరే అన్నాను. నిజంగానే సరే అన్నాను. బడిలో అబద్ధానికి బెత్తం తీసిన చేతులే ఇవి.

ఆదివారం చర్చి విడిచే వేళకు డప్పులు వినిపించాయి. గేటు దాకా వచ్చి చూస్తే ముందు కమ్లి, నెత్తిన కుండ. వెనక తండా ఆడవాళ్లు, మా చర్చి వాళ్లు, అంతా కలిసి వస్తున్నారు. పేపర్లో ఫొటో చూశారు. ఇక ప్రతి ఆదివారం పిడికెడు తేవాలని వాళ్లకు వాళ్లే అనుకున్నారు. నా వెనక, మిగిలిన మూడు దుప్పులూ కాళ్లీడ్చుకుంటూ కంచె దగ్గరికి వచ్చాయి. మనుషుల చేతుల్లో తిండి ఉంటుందని నేనే కదా నేర్పింది.

కోళ్లగూడు వెనక్కి ఉరికాను. బోర్డు తెచ్చి రెండు చేతులతో గుండెలకు అడ్డంగా పట్టుకుని గేటులో నిలబడ్డాను.

"ఆగుండ్రి! ఎవరూ ఏం పెట్టొద్దు. ఆరు దుప్పులు చచ్చిపోయినయ్. జబ్బు కాదు. మనం పెట్టిన గింజలే చంపినయ్."

డప్పు ఆగింది. గుంపు పక్కన నిలబడి ఫొటోలు తీస్తున్న ఉదయ్ భాస్కర్ నా వైపు చూసి, ఫోను జేబులో పెట్టుకుని పక్కకు తిరిగాడు.

కమ్లి కుండ దించింది. అప్పటికే ఒక పిడికెడు మక్కలు చేతిలోకి తీసుకుని ఉంది.

"మోతీ?"

నేను తలూపాను. కమ్లి కంచె పట్టుకుని నిలబడింది.

"నీ తప్పు కాదు కమ్లీ" అన్నాను. "ఈ బోర్డు నేనే తీసేసిన. ఇది ఉంటే నువ్వు పెట్టకపోయేదానివి."

కమ్లి బోర్డును పైనుంచి కిందికి చూసింది.

"నాకు సదువొస్తదా టీచరమ్మా?" అంది. "రెండేండ్లు నువ్వు వద్దంటే పెట్టలే. మొన్న నువ్వు పెట్టుమంటే పెట్టిన."

కంచె సందుల్లోంచి మూడు దుప్పులూ ముట్టెలు చాపి ఆమె పిడికిలి నాకుతున్నాయి. ఆమె పిడికిలి విప్పలేదు.