తూకంలో తేలిన తొంభై కిలోలు

మా ఆఫీసులో వెనకాల నన్ను తక్కెడ అంటారు. ఎదుట పడితే తక్కెడగారు అంటారు, అదొక్కటే తేడా. టన్నుల కొద్దీ సరుకు మోసే హెలికాప్టర్‌ని తయారుచేసే చోట, అది తానే బరువెక్కిపోకుండా కాపలా కాయడం నా ఉద్యోగం. పదకొండేళ్లుగా కాస్తున్నాను. పైలట్ సీటు మెత్త పలచన చేయించాను. తలుపు పిడికి చిల్లులు వేయించాను. నేను వరండాలో కనిపిస్తే ఇంజినీర్లు డ్రాయింగులు బోర్లించేవారు. సిగ్గులేకుండా, అందుకు లోలోపల మురిసిపోయేవాణ్ణి కూడా.

అలాంటిది, మొదటిసారి గాల్లోకి లేవడానికి పది రోజుల ముందు తూస్తే హెలికాప్టర్ తొంభై కిలోలు ఎక్కువ తూగింది. మళ్లీ తూచాం. అదే తొంభై. మూడోసారీ అంతే. నాలుగు రోజులు నట్టు నట్టునా వెతికాం, దొరకలేదు. దొరకనప్పుడు ఏదో ఒకటి పీకెయ్యాలి కదా. నా కన్ను స్ట్రెచర్ ఫ్రేముల మీద పడింది. మొత్తం ఆరు, ఒక్కోటి పదిహేను కిలోలు. అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

నాలుగేళ్లు కష్టపడి వాటిని తయారుచేసిన అమ్మాయి, కబురు తెలిసి నా గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఒక్కో ఫ్రేమూ గాయపడ్డ ఒక్కో మనిషి కోసం సార్. అది లేకపోతే వాళ్లని ఉత్త నేలమీద పడుకోబెట్టి తేవాలి."

"నాకు మాత్రం సరదానా అమ్మా? ఏం చేస్తాం, బరువు బరువే," అన్నాను. పెద్దమనిషిలా నేనన్న ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ సాయంత్రం వంటింట్లో మా ఆవిడ చిన్న కాటా మీద పిండి తూస్తోంది. అంకె ఎక్కడ కనబడ్డా చదవకుండా ఉండలేను. వంగాను.

"చెయ్యి తీయండి. తూస్తున్నది పిండిని, మిమ్మల్ని కాదు," అంది.

తీశాను. అంకె టక్కున పడిపోయింది. హెలికాప్టర్ తూచినప్పుడు నేనెక్కడున్నానో అప్పుడు గుర్తొచ్చింది.

తూచేటప్పుడు హెలికాప్టర్ ఏ పక్కకీ ఒరగకూడదు. అందుకని చక్రాల కింద కాటాలు పెట్టి, లోపల నేలమీద రసమట్టం పెడతాం. అందులో బుడగ చూసి, "సరిగ్గా ఉంది, చదవండి" అని కిందికి కేకేసేది నేనే. ఇంకొకరి కన్ను నమ్మను మరి. మూడుసార్లూ లోపల కూర్చునే కేకేశాను. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. ఇక్కడ ఆ పిల్లాడు కూడా నేనే.

నోరు మూసుకుంటే నా పరువు నిలుస్తుంది, ఫ్రేములు పోతాయి. మర్నాడు ఆఫీసు బస్సులో దారంతా ఇదే గుంజాటన. చివరికి మీటింగులో కక్కేశాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"ఇంతకీ మీ బరువెంత?" అన్నాడు మా చీఫ్.

"డెబ్బై అయిదు." పూర్తిగా అబద్ధం కాదు, పెళ్లినాటి మాట.

ఆయన కాగితం మీద తీసివేత వేశాడు. "ఇంకా పదిహేను ఉంది. ఒక్క ఫ్రేము తీస్తే చాలు."

"అయిదు మిగిలాయి. థాంక్యూ సార్," అంది ఆ అమ్మాయి, నావైపు తిరిగి. ఆ మాటకి నా ప్రాణం చచ్చిపోయింది. నా బొజ్జని దాచుకోవడానికి ఒక మనిషిని నేలమీద పడుకోబెడుతున్నాను.

"అందరూ ఒకసారి స్టోరుకి రండి," అన్నాను.

అక్కడ సామాన్లు తూచే కాటా ఉంది. చెప్పులు విప్పాను. జేబులోంచి పెన్ను, తాళాలు తీసి పక్కన పెట్టాను. పాడు అలవాటు, ఎక్కడికి పోతుంది? ఎక్కి, ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి పీల్చుకున్నాను. అలా చేస్తే బరువు తగ్గదని ఆ గదిలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

స్టోర్ కీపర్ వంగి చూసి, మొహమాటంగా అన్నాడు. "తొంభై సార్."

"గట్టిగా చెప్పవయ్యా. వెనకాలవాళ్లకి వినబడాలి."

"తొంభై."

"ఆరూ ఉంచండి," అన్నాడు చీఫ్.

అప్పుడు పొట్ట వదిలేశాను.