వచ్చు

పంపు మెకానిక్‌ను పోలీసులు పట్టుకెళ్లింది అతను చేసిన పనికి కాదు, చేయబోయే పనికి. ఆ చేయబోయే పనేమిటో పాపం అతనికే తెలియదు.

అతని అక్క టైలరు. నిర్బంధపు ఉత్తర్వును కుట్టుమిషను మీద పరుచుకుని చదివింది. ప్రతి వాక్యమూ ఒకేలా ముగిసింది. జనాన్ని రెచ్చగొట్టవచ్చు. పనులకు ఆటంకం కలిగించవచ్చు. శాంతికి భంగం వాటిల్లవచ్చు. చదువుతున్నకొద్దీ ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. తమ్ముడు చేసిందల్లా, ఫ్యాక్టరీ మురుగు కలుస్తున్న కుళాయి నీళ్లు సీసాలో పట్టి ఆఫీసరు బల్ల మీద పెట్టడం. “ఒక్క గుక్క తాగి చూడండి సార్” అన్నాడు, అంతే. ఆ దొరగారు నీళ్లు తాగలేదు గానీ ఉత్తర్వు మాత్రం చకచకా రాయించాడు.

“మామూలు కేసు పెట్టొచ్చుగా మరి?” అని అడిగింది అక్క.

“పెడితే సాక్ష్యం చూపించాలి, మనం బెయిలు అడుగుతాం,” అంది లాయరమ్మ. “ఇలాగైతే వాళ్లకి ఆ బెడద లేదు. విచారణ లేకుండా నెలల తరబడి లోపల ఉంచవచ్చు.”

“మీరూ ‘వచ్చు’ అంటారేంటండీ.”

లాయరమ్మ ఉత్తర్వు కొట్టేయమని హైకోర్టులో పిటిషను వేసింది.

వాయిదా మీద వాయిదా పడింది. అక్క కాళ్లరిగేలా తిరిగింది. తిరిగినంతసేపూ షాపు మూసే ఉండేది. ఇంటికొస్తే తమ్ముడి కూతురు గుమ్మంలోనే నిలేసేది. “నాన్న ఎప్పుడొస్తాడత్తా?”

“రేపో ఎల్లుండో రావచ్చు,” అనేసి, ఆ పాడు మాట తన నోటే వచ్చినందుకు అక్క నాలుక కరుచుకునేది.

చివరికి ఒకరోజు జడ్జి ఫైలులోంచి తలెత్తాడు. “ఇంతకీ ఈయన ఏం చేశాడు?”

“ఇంకా ఏమీ చేయలేదండి. చేయవచ్చునని ముందుజాగ్రత్త,” అన్నాడు ప్రభుత్వ లాయరు.

“ఏ ఆధారంతో అనుకున్నారు?”

ప్రభుత్వ లాయరు నీళ్లు నమిలాడు. అవి మా కుళాయి నీళ్లయితే తెలిసొచ్చేది నీకు, అనుకుంది అక్క కసిగా. జడ్జి ఉత్తర్వును కొట్టేశాడు, మనిషిని వెంటనే వదలమన్నాడు.

మర్నాడు పొద్దున పాపకు జడ వేస్తూ, “ఇవాళ నాన్న వస్తాడు,” అని చెప్పింది అక్క. ఆ మాట అనగలగడమే ఆమెకు పండగలా ఉంది. లాయరమ్మను తీసుకుని జైలుకు వెళ్లింది.

జైలు చిన్న తలుపు తెరుచుకుంది. తమ్ముడు చిక్కి సగమయ్యాడు. అక్కను చూసి నవ్వబోయాడు. ఒక కాలు గడప బయట పెట్టాడో లేదో, అక్కడే కాచుకుని ఉన్న ఇన్‌స్పెక్టరు అతని భుజం మీద చెయ్యి వేసి కొత్త కాగితం తీశాడు. పక్కనే జీపు సిద్ధంగా ఉంది, ఈసారి వేరే జైలుకట.

లాయరమ్మ ఆ కాగితం లాక్కుని చదివింది. “పాత ఉత్తర్వులో ఉన్నవే అన్నీ. చివర ఒక్కటి మాత్రం కొత్తగా కలిపారు. ‘కోర్టులో గెలిచినందువల్ల ఇతనికి ధైర్యం పెరిగి ఉండవచ్చు.’”

“పాపకి ఏం చెప్తావక్కా?” అన్నాడు తమ్ముడు జీపు ఎక్కుతూ.

గెలిచినా నేరమేనా? న్యాయం అడగడం కూడా వీళ్ల లెక్కలో గొడవ చేయడమేనా? అక్కకు ఏడుపు రాలేదు, ఒళ్లంతా భగ్గున మండింది.

ఇన్‌స్పెక్టరు మర్యాదగానే అన్నాడు. “ఇక్కడ మీకేం పని లేదమ్మా. ఇక వెళ్లవచ్చు.”

“వెళ్లకపోవచ్చు కూడా,” అంది అక్క. జీపు ఎదుటికి వెళ్లి, చక్రాలకు అడ్డంగా మట్టిలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. లాయరమ్మ నల్లకోటు సర్దుకుని ఆమె పక్కనే చతికిలబడింది.

“ఇలా కూర్చుని ఏం చేస్తారు?” అని గద్దించాడు ఇన్‌స్పెక్టరు.

“ఏమైనా చేయవచ్చు,” అంది అక్క. “రాసుకోండి.”