ఆదివారం అరపేజీ

శుక్రవారం మధ్యాహ్నం మరిది నవ్వుమొహంతో దుకాణంలోకి అడుగుపెట్టగానే బొమ్మల డాక్టరమ్మకి అనుమానం వచ్చింది. ఆ మహానుభావుడు అలా వెలిగిపోతూ వచ్చాడంటే ఎక్కడో ఏదో వెలగబెట్టి వచ్చాడన్నమాటే.

"వదినా, ఇక నీకు తిరుగులేదనుకో! మన ముసలాయన ఎలుగుబంటిబొమ్మ కథ ఊళ్ళో పేపర్లన్నిటికీ పంపించేశాను, ఫొటోతో సహా. పెద్ద పేపరు వాళ్ళు రేపే వేస్తామన్నారు!"

ఆమె అతికిస్తున్న బొమ్మ తల జిగురు ఆరకుండానే ఊడి బల్ల మీద పడింది.

ఈ నెలాఖరుకి గిరాకీ పుంజుకోకపోతే దుకాణం మూసెయ్యాలి. తనూ భర్తా కూర్చుని తేల్చుకున్న మాట అది, మూడో మనిషికి తెలియదు. ప్రకటనలు వేయించే తాహతు ఎలాగూ లేదు. ఉన్న ఒక్క ఆశా చిన్న పేపర్లో ఆదివారం పేజీ చూసే విలేకరి పిల్ల. ఆ స్నేహం ఒక్కరోజులో కుదిరింది కాదు. దుకాణానికి వచ్చే తల్లులూ అమ్మమ్మలూ బొమ్మ అతికేలోగా ఊరి సంగతులన్నీ చెప్పేస్తారు. ఏ బడిలో టీచర్లు లేరో, ఏ వీధిలో మురికినీళ్ళు వస్తున్నాయో డాక్టరమ్మ ఆ పిల్ల చెవిన వేసేది. ఒక్కటీ అబద్ధం తేలలేదు. "నా గురించి రాయమ్మా" అని మాత్రం ఏనాడూ అడగలేదు. అడిగితే చులకనైపోతానని భయం. చివరికి ఆ పిల్లే వచ్చి ఒక పూటంతా కూర్చుంది. పోయిన భార్య చిన్ననాటి ఎలుగుబంటికి కుట్లు వేయించుకోవడానికి వచ్చిన ముసలాయన కథ రాసుకుని వెళ్ళింది. ఏకంగా అరపేజీ! పెట్టిన షరతు ఒక్కటే: "అక్కా, ఆదివారం దాకా ఇది ఇంకో పేపరు చేతిలో పడకూడదు."

"నిన్నెవడు పంపమన్నాడురా?" అని అరిచింది డాక్టరమ్మ.

"అదేంటి వదినా! ఒకళ్ళు వేస్తే మంచిదా, నలుగురు వేస్తే మంచిదా? రేపు వాళ్ళు, ఎల్లుండి వీళ్ళు. నువ్వు నోరు మెదపకుండా కూర్చో, చాలు."

అదే కదా అసలు బాధ! నోరు మెదపకపోతే నిజంగానే రెండిట్లోనూ పడుతుంది. మరి ఆ పిల్ల గతేం కావాలి? రేపు పెద్ద పేపరు ముందు పడేసి "ఇదేనా మనకొక్కరికే అన్న కథ?" అని ఎడిటర్ నిలదీస్తే ఏం చెప్పుకుంటుంది? డాక్టరమ్మ ఫోను అందుకుంది. మరిది చెయ్యి అడ్డం పెట్టాడు.

"పిచ్చెక్కిందా వదినా? చెప్తే తీసేస్తుంది!"

"తీసెయ్యనీ. తప్పుకో."

విలేకరికి జరిగిందంతా చెప్పేసింది.

"ఇంకో గంటలో పేజీ అచ్చుకి పోతుందక్కా," అంది విలేకరి. "అరపేజీ దేంతో నింపను? మా సార్‌కి ఏం చెప్పను?"

"తప్పు మాదేనమ్మా. నన్ను తిట్టు."

"తిడితే పేజీ నిండుతుందా? మీ దుకాణం గురించే ఇంకేమైనా ఉందా? ఎవరికీ చెప్పనిది. మీ మరిదికి కూడా."

ఉంది. ఒక్కటే ఉంది. నలుగురూ జాలిపడితే తట్టుకోలేనని ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నది. పైగా మూతపడుతోందని తెలిస్తే ఆ వచ్చే కాసిని బేరాలు కూడా రావేమో!

"అక్కా? లైన్లో ఉన్నారా?"

"ఈ నెలాఖరుకి దుకాణం మూసేస్తున్నాం," అనేసింది. మరిది పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

"వెయ్యమంటారా?" అని నెమ్మదిగా అడిగింది విలేకరి.

"వెయ్యి."

శనివారం పెద్ద పేపర్లో ఎలుగుబంటి ఒక మూల రెండు వాక్యాల్లో పడింది. దుకాణం ఊసే లేదు.

ఆదివారం చిన్న పేపర్లో దుకాణం మూసేస్తున్న సంగతి అరపేజీ పడింది. తాళం తీయకముందే గుమ్మం ముందు జనం. ఆమె ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే ఒక్కరి చేతిలోనూ విరిగిన బొమ్మ లేదు! అందరూ ఎప్పుడో బాగుచేయమని ఇచ్చి మర్చిపోయినవాళ్ళే. మూసేస్తున్నారట, మా బొమ్మ మాకిచ్చెయ్యండని ఒకటే తోపులాట. మధ్యాహ్నానికి అరలన్నీ బోసిపోయాయి.

"చూశావా నా రాత!" అంది మరిదితో.

సాయంత్రం, పొద్దున్న కుందేలుబొమ్మ తీసుకెళ్ళినావిడ మళ్ళీ వచ్చింది. వెనక ఆవిడ పక్కింటివాళ్ళు, వాళ్ళ వెనక ఇంకెవరో. అందరి చేతుల్లోనూ సంచులే.

"బాగైన కుందేల్ని చూసి మా వీధి పిల్లలంతా విరిగిన బొమ్మల కోసం అటకలెక్కేశారండీ," అందావిడ సంచి బల్ల మీద బోర్లిస్తూ. "ఒకదానికి చెయ్యి లేదు, ఒకదానికి కన్ను లేదు. మీరు మూసేసేలోగా అవుతాయా?"

డాక్టరమ్మ ఆ గుట్టనీ, గుమ్మంలో నిలబడ్డవాళ్ళనీ చూసింది.

"అవ్వవమ్మా," అంది. "వచ్చే నెల వచ్చి తీసుకెళ్ళండి."