అసిహ్ అడిగిన తెల్లమంచు

ఎండాకాలం మొదలైందంటే యాత్మి కోడి కూయకముందే లేచి, పొయ్యి ముందు కూర్చుని వేళ్ళు కాచుకునేది. వేళ్ళు కదిలితేనే ఆమెకు తిండి. వతుఆంగిన్ పల్లెకు ఎగువనున్న గుట్ట మీద సూర్యోదయం చూడటానికి కింది పట్నాలనుంచి జనం వస్తారు. వాళ్ళను తూర్పున నిలబెట్టి ఫొటోలు తీయడం ఆమె పని. నోట్లోంచి పొగలొస్తున్నా పెళ్ళికూతుళ్ళు పల్చటి గౌన్లలో నిలబడి నవ్వుతారు. యాత్మి మెడకు లుంగీ చుట్టుకుని, ఊలు టోపీ చెవుల మీదికి లాక్కుని, "ఇంకొక్కటి, గడ్డం కాస్త పైకి" అంటూ ఉంటుంది.

మా డియెంగ్ కొండల మీద ఎండాకాలమే చలికాలం. ఈ మాట వింటే కింది ఊళ్ళవాళ్ళు నవ్వుతారు. నవ్వనక్కర్లేదు, ఆలోచిస్తే తెలిసిపోతుంది. వానాకాలంలో కొండను మబ్బు కప్పుకుని ఉంటుంది, నేల వేడి నేల దగ్గరే ఆగుతుంది. ఎండాకాలంలో కప్పేదేమీ ఉండదు. పగలంతా నేల దాచుకున్న వేడి రాత్రికి ఆకాశంలోకి పోతుంది. తెల్లారేసరికి ఆకుల మీది తడి పేరుకుని, ఉప్పు చల్లినట్టు తెల్లగా నిలుస్తుంది. వచ్చినవాళ్ళు దాన్ని చూసి ముచ్చటపడతారు. మేం విషపు మంచు అంటాం. ఎండ తగిలిన కాసేపటికి దాని కిందున్న బంగాళాదుంప ఆకు కాల్చిన కాగితంలా నల్లబడుతుంది.

ఆ పల్లెలో చలి ఎరగని మనిషి ఒక్కతే ఉండేది. పేరు అసిహ్.

ఈ కొండల్లో కొందరు పిల్లలకు నడక నేర్చే వయసులో జ్వరం వస్తుంది. జ్వరం దిగేసరికి జుట్టు జడలు కట్టి ఉంటుంది. దాన్ని దువ్వకూడదు, కొయ్యకూడదు. పిల్లకు ఊహ తెలిశాక పెద్దలు ఎదురుగా కూర్చుని "నీకేం కావాలి?" అని అడగాలి. అడిగింది అడిగినట్టు ఇవ్వాలి. ఇచ్చాకే కత్తెర పట్టాలి. కోసిన జుట్టును ఏట్లో వదలాలి. ఒక పిల్లాడు తెల్ల మేకపిల్లను అడిగాడు. ఒక పిల్ల వాళ్ళ మావయ్య మోటార్‌సైకిల్ హారన్ అడిగింది. విప్పి ఇచ్చారు. ఆ మావయ్య ఆ ఏడంతా నోటితో అరుచుకుంటూ బండి నడిపాడు.

అసిహ్‌కు పంతొమ్మిదేళ్ళు వచ్చాయి, జడలు నడుము దాటాయి. ఆమెనింకా ఎవరూ అడగలేదు.

కారణం అందరికీ తెలుసు. అసిహ్ చిన్నప్పుడు ఒక సాయంత్రం మేకపిల్ల వెంటపడి సరోనో తాత పొలమంతా పరుగెత్తింది. మర్నాడు చుట్టూ పొలాలన్నీ నల్లబడితే, ఆమె పరుగెత్తిన చాళ్ళు మాత్రం పచ్చగా నిలిచాయి. ఆమె నడిచిన చోట మంచు పేరదన్నమాట. సరోనో తాత పల్లెకు పెద్ద. జడల పిల్లల్ని అడగాల్సింది ఆయనే. ఆ ఏడు ఆయనకు తీరిక కాలేదు. మరుసటేడు కూడా కాలేదు. ఆ తర్వాత, "దానికే కోరికా లేదయ్యా, గాలిలో పుట్టిన పిల్ల" అనడం మొదలుపెట్టాడు. పల్లెంతా ఆ మాటే అంది.

చూడబోతే నిజమే అనిపించేది. అసిహ్ ఆకలైన చోట తినేది, నిద్రొచ్చిన చోట పడుకునేది. క్యాబేజీ లారీ ఎక్కి పాడుకుంటూ సంతకు పోయి, ఇంకేదో ఊళ్ళో గుర్రపు నాట్యం ఆడేవాళ్ళతో చిందులేసి, బుద్ధి పుట్టినప్పుడు తిరిగొచ్చేది. కానీ ఎండాకాలం రాత్రుల్లో మాత్రం ఎక్కడుండాలో అక్కడే ఉండేది. ఏ ఇంట్లోనైనా తినే పిల్ల ఏ పొలంలోనైనా నడవాల్సిందే కదా. ఉత్త కాళ్ళతో చాలు చాలూ తిరిగి, పని అయ్యాక గుట్టెక్కి యాత్మి దగ్గరికి వచ్చేది. కెమెరా సంచీ మోసేది, వెలుతురు తిప్పే వెండి అట్ట పట్టుకునేది. యాత్మి వేళ్ళు కొంకర్లు పోయినప్పుడల్లా వాటిని తన జడల కింద, మెడ దగ్గర పెట్టుకునేది.

"అక్కా, నా ఫొటో ఎప్పుడు తీస్తావు?"

"నిన్ను తీస్తే నా కెమెరాకు చెమట పడుతుందే."

"పడితే తుడుచుకో. ముక్కు చీదే పెళ్ళికూతుళ్ళను తీస్తావు గానీ నన్ను తీయవు."

యాత్మికి వేరే బాధ ఉంది. పట్నంలో ఏటా ఫొటోల ప్రదర్శన పెడతారు. ఆమె పంపిన సూర్యోదయాలన్నీ తిరిగొచ్చాయి. "కొండ బాగుంది, మనిషేదమ్మా?" అని అడిగారు వాళ్ళు. ఆ రోజునుంచి ఆమె కళ్ళు మూసుకుంటే ఒకే బొమ్మ కనిపించేది. తెల్లటి పొలం, ఎర్రటి పొద్దు, మధ్యలో అసిహ్.

ఒకనాడు చెప్పింది. "రేపు పొలాల్లో తిరగొద్దు. పొద్దు పొడవకముందే గుట్ట కింది చేనుకు వచ్చెయ్. నీ ఫొటో తీస్తాను."

"సరోనో తాత తిడతాడక్కా."

"ఒక్కరోజుకేం మునిగిపోదులే."

మర్నాడు వాళ్ళ అవ్వ రుబియెం పెళ్ళినాటి ఎర్రంచు లుంగీ కట్టుకుని అసిహ్ వచ్చింది. పొలం పాలు పోసినట్టుంది. అసిహ్ గట్టు దిగి ఒక్కడుగు వేసింది. ఆ అడుగు చుట్టూ తెలుపు కరిగి నల్లటి మట్టి తేలింది. ఇంకో అడుగు వేస్తే ఇంకాస్త తేలింది. చేను మధ్యకు చేరేసరికి ఆమె చుట్టూ పెద్ద బురద మడుగు. కెమెరాలోంచి చూస్తే పెళ్ళి బట్టలతో నాట్లు వెయ్యడానికొచ్చిన మనిషిలా ఉంది.

యాత్మి కెమెరా దించింది. అసిహ్ దగ్గరికి వెళ్ళి, పెద్దలు కూర్చున్నట్టు ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంది.

"అసిహ్. నీకేం కావాలి?"

అసిహ్ నవ్వబోయి ఆగింది. ఆ ప్రశ్న ఎక్కడిదో ఆమెకు తెలుసు.

"ఎవరూ అడగరనుకున్నా" అంది.

"నేను అడుగుతున్నాగా."

"తెల్లమంచు మీద నిలబడాలి. కాలి కింద కరకరమంటుందటగా. మీరంతా చెప్పుకుంటారు. నేను వెళ్ళేసరికి ఉండదు." కెమెరా వైపు చూసి, "నా ఫొటో. అంతే" అంది.

"అది ఇవ్వాలంటే ముందు జుట్టు పోవాలే."

"ముందు ఇచ్చి తర్వాత కొయ్యాలంటారుగా అక్కా. అటుదిటైతే కీడంటారు."

"కాస్త ముందు, కాస్త వెనక. నిమిషం తేడాకి ఏమవుతుంది?"

యాత్మి సంచీ తెరిచింది. అసిహ్ లోపలికి చూసింది. "కత్తెర తెచ్చుకున్నావా?"

"టేపు కొయ్యడానికి."

ఆ సంచీ రోజూ మోసేది అసిహే. అందులో ఏనాడూ టేపు లేదు. అయినా ఆమె తల వంచింది.

జడలు ఒక్కొక్కటే బుట్టలో పడ్డాయి. యాత్మి ఆ బుట్టను మోసుకెళ్ళి దూరంగా రాతి పక్కన పెట్టింది. పెట్టేముందు ఒక పాయ తీసి జేబులో వేసుకుంది. వెనక్కి వచ్చేసరికి మంచు కదులుతోంది. చేను అంచులనుంచి ఆకు మీదనుంచి ఆకు మీదికి పాకి, బురద మడుగును చుట్టి, అసిహ్ కాలివేళ్ళ దాకా వచ్చి ఆగింది. అసిహ్ ఒక పాదమెత్తి దాని మీద పెట్టింది. కరకరమంది. ఆమె పసిపిల్లలా నవ్వింది. నవ్వుతుండగానే పళ్ళు టకటకలాడాయి. అప్పుడే పొద్దు పొడిచింది.

అలాంటి ఫొటో యాత్మి అంతకుముందు తీయలేదు, ఆ తర్వాతా తీయలేదు. ఫొటోలో ఒక మూలన, బుట్ట పెట్టిన చోట, కొంచెం పచ్చదనం పడింది. దాన్ని కత్తిరించేసి పట్నానికి పంపింది. ఈసారి బొమ్మ తిరిగి రాలేదు.

ఎండెక్కేసరికి పల్లె చేలన్నీ నల్లబడ్డాయి. జనం గట్ల మీద నిలబడి చూశారు. ఎవరూ అసిహ్‌ను కొట్టలేదు, తిట్టలేదు. సరోనో తాత ఆ నలుపంతా చూసుకుంటూ పోయి రాతి దగ్గర ఆగాడు. బుట్ట చుట్టూ చేను పచ్చగా నవనవలాడుతోంది. ఆయన కూర్చుని చెయ్యి పెట్టి చూశాడు.

"వెచ్చదనం పిల్లలో లేదన్నమాట" అన్నాడు. "జుట్టులోనే ఉంది."

"ఏట్లో వదలాలి కదా తాతా" అంది యాత్మి.

"ఏరు పోయి సముద్రంలో కలుస్తుంది. సముద్రానికి చలేస్తుందా?"

ఆయనే పంచాడు. చేనుకొక పాయ. మళ్ళీ నాటే పంటకు గట్టు మొదట్లో పాతుకోవాలని ఇళ్ళకు పట్టుకెళ్ళారు. ఇక తెల్లవారుజామున ఎవరినీ బతిమాలి లేపక్కర్లేదు, తిండి పెట్టక్కర్లేదు. చేను లేనివాళ్ళకు కూడా పీచో పోగో దొరికింది. రుబియెం అవ్వ తన వంతును నడుముకు కట్టుకుంది. అన్నేళ్ళూ ఆమె మనవరాలి వీపుకు ఆనుకునే నడుంనొప్పి మర్చిపోయి పడుకునేది.

"అవ్వా, దుప్పటేది?" అని అడిగింది అసిహ్.

"నీకు దుప్పటెప్పుడు కొన్నామే? ఉన్నదొక్కటి, నాదే."

నిజమే. ఆ పల్లెలో దుప్పటి లేనిది, చెప్పులు లేనిది, ఊలు టోపీ లేనిది అసిహ్ ఒక్కతే. ఇన్నాళ్ళూ అవసరం పడలేదు. ఆమె తినే ఇళ్ళకు వెళ్ళింది. "ఇవాళ అన్నం సరిపోయిందమ్మా" అన్నారు ఒకచోట. "తలుపు వేసి పో, గాలొస్తోంది" అన్నారు ఇంకోచోట.

పొద్దు వాలుతుండగా అసిహ్ యాత్మి ఇంటి గుమ్మంలోకి వచ్చింది. దగ్గుతోంది. బోడితల మీద లుంగీ అంచు కప్పుకుంది.

"అక్కా, నీ జేబులో ఒకటుందిగా. ఈ ఒక్క రాత్రికి ఇవ్వు. పొద్దున్నే తెచ్చిస్తా."

యాత్మి జేబులో చెయ్యి పెట్టుకుంది. వెచ్చగా ఉంది. "రేపు పెద్ద పెళ్ళి బృందం వస్తోందే. వేళ్ళు కదలకపోతే ఎలా చెప్పు? ఎల్లుండి చూద్దాం." లోపలికి వెళ్ళి అచ్చు వేసిన ఫొటో తెచ్చి చేతిలో పెట్టింది. "ఇదుగో, నువ్వడిగిందేగా."

అసిహ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "బాగున్నానక్కా" అంది. రవికెలో దోపుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె గుట్ట కింది చేలో కనిపించింది. తూర్పుకు తిరిగి కూర్చుని ఉంది. చుట్టూ ఎక్కడా మంచు కరగలేదు. భుజాల మీద, ఒళ్ళోని చేతుల మీద, కనురెప్పల మీద కూడా తెల్లగా పేరుకుని ఉంది. సరోనో తాత వచ్చి చూసి, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"అడిగింది అడిగినట్టే ఇచ్చాం" అన్నాడు. "లోటేమీ జరగలేదు."

అందరూ తలలూపారు.

ఆ సమయానికి గుట్ట పైన పెళ్ళికూతురు పల్చటి గౌనులో వణుకుతోంది. యాత్మి కిందికి చూడకుండా కెమెరా ఎత్తింది. "ఇంకొక్కటి, గడ్డం కాస్త పైకి" అంది. ఆ ఏడాదిలోకెల్లా చలి ఎక్కువైన పొద్దు అది. ఆమె వేళ్ళు ఒక్కసారి కూడా కొంకర్లు పోలేదు.